జరీ కంటే ముందు మడత చూడండి

ఈమధ్య ఫోన్లలో ఒక రకం వీడియో తెగ తిరుగుతోంది. పాత పట్టుచీర కొంగు తీసుకెళ్ళి నగల దుకాణాల్లో ఉండే కారట్ మీటర్ కింద పెడతారు. తెర మీద వెండి ఇంత, రాగి ఇంత, బంగారం ఇంత అని శాతాలు పడతాయి. "అసలు జరీ, చూస్కోండి" అంటుంది వెనకనుంచి ఒక గొంతు. కింద ధర అడిగేవాళ్ళు వరస కడతారు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ బొటీకుల్లో వింటేజ్ చీర బేరం ఇప్పుడు చాలావరకు ఈ అంకెల చుట్టూనే తిరుగుతోంది.

ఆ మీటరు మీద నాకు పేచీ లేదు. అయితే అది చెప్పేది లోహం సంగతి. ఆ లోహాన్ని మోస్తున్న పట్టుపోగులో ఇంకా సత్తువ ఉందా లేదా అన్నది దానికి అందదు. పాతిక వేలు పోసి కొన్న చీర మొదటిసారి కట్టి పీటల మీద కూర్చోగానే మోకాలి దగ్గర జానెడు మేర చీలిపోయిందనుకోండి, జరీలో వెండి ఎంతుందో ఎవరు అడుగుతారు?

కట్టుకోవడానికి పాత చీర కొనేవాళ్ళు జరీ కంటే ముందు మడత చూడాలి. అమ్మేవాళ్ళు జరీ శాతం చెప్పేముందు మడత సంగతి చెప్పాలి. నేను అనేది ఇంతే. కానీ ఈ మాట నిలబడాలంటే చీర ఎక్కడ తెగుతుందో, ఎందుకు తెగుతుందో కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి.

ఒక్క సంగతి ముందే. "వింటేజ్ కలెక్షన్", "వింటేజ్ లుక్" అని రాసి ఉంటే అవి చాలాసార్లు పాత డిజైను చూసి నిన్నమొన్న నేసిన కొత్త చీరలు. వాటిలో తప్పేమీ లేదు, మంచి నేత ఉంటుంది. ఇక్కడ మాట్లాడేది నిజంగా ఒకరు కట్టి, మడిచి, ఏళ్ళ తరబడి బీరువాలో దాచిన చీరల గురించి.

జరీ మిగులుతుంది, పట్టు పోతుంది

పట్టు జీవి నుంచి వచ్చిన దారం, మన జుట్టులాగే ప్రోటీను. ఎండ, చెమట, వేడి, చెమ్మ నాలుగూ దాన్ని లోపల్నుంచి తినేస్తాయి. పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది కాబట్టి కంటికి తెలియదు. అసలు కట్టని చీర కూడా ముప్పై ఏళ్ళు ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంట పోగులు విరిగిపోతాయి. "ఒక్కసారి కూడా కట్టలేదు మేడమ్, పెట్టెలోంచి తీసిందే" అన్న మాట భరోసాగా వినిపిస్తుంది గానీ, నా దృష్టిలో అలాంటి చీరకే ఇంకొంచెం ఎక్కువ పరీక్ష కావాలి. కట్టిన చీరను విప్పినప్పుడల్లా మడత కాస్త అటూ ఇటూ జరుగుతుంది. కట్టని చీర మడత కదలదు.

మామూలుగా ముందు పన్నాను సగానికి మడుస్తాం, తర్వాత పొడవును మడుస్తాం. పన్నా మధ్యలో పడే గీత చీర పొడవునా సాగుతుంది. అక్కడ వంగి ఉండేవి పేక పోగులు, అంటే పన్నా వైపు సాగే పోగులు. అవి విరిగితే చీలిక పొడవునా వస్తుంది. అడ్డ మడతల దగ్గర వంగేవి పడుగు పోగులు, అంటే పొడవునా సాగే పోగులు, అవి విరిగితే చిరుగు అడ్డంగా వస్తుంది. రెండు మడతలూ కలిసే మూల అన్నిటికంటే ముందు పోతుంది. చీర పూర్తిగా విప్పి పరిచినప్పుడు మధ్య గీత వెంట సమాన దూరాల్లో చిన్న చిన్న చిల్లులు కనిపిస్తే అవి మడత మూలలు. పురుగు కొట్టిన చిల్లులకు అలా వరస ఉండదు. ఈ తేడా ముఖ్యం. పురుగు చిల్లు ఆ చోటికే నష్టం, మిగతా బట్ట గట్టిగానే ఉండొచ్చు. మడత మూలలో చిల్లు పడిందంటే మిగతా మడతలు కూడా అదే దారిలో ఉన్నాయని లెక్క.

ఇక జరీ. సన్నటి వెండి తీగను రేకులా చదును చేసి, పట్టు దారం చుట్టూ చుట్టి, పైన బంగారు పూత పూస్తే అది అసలు జరీ. ఆ రేకుకు అంచు ఉంది. పక్కనున్న పట్టుపోగును అది ఏళ్ళ తరబడి రాస్తూనే ఉంటుంది. పైగా బరువు. నిండు జరీ కొంగు ఉన్న కంచి చీర తీసుకోండి. ఒంటి రంగు పడుగునూ కొంగు రంగు పడుగునూ కలిపే అతుకును పిట్ని అంటారు, కొంగు మొదలయ్యే చోట సన్నటి అడ్డగీతలా కనిపిస్తుంది. కొంగు బరువంతా ఆ గీత దగ్గరి పడుగు మీద వేలాడుతుంది. పాత కంచి చీర కొంగు ఊడివచ్చేది ఎక్కువగా అక్కడే. అంటే మీటరు మెచ్చుకునే జరీ ఎంత ఎక్కువుంటే పట్టు మీద పడిన భారం అంత ఎక్కువ.

గద్వాల చీరకు వేరే జబ్బు. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. తడిసినప్పుడు నూలు ముడుచుకునే తీరు వేరు, పట్టు తీరు వేరు. ఎవరో ఒకసారి ఇంట్లో నీళ్ళలో నానబెట్టి ఉంటే అంచు కలిసే గీత వెంట బట్ట లాగినట్టు అలలు పడి ఉంటుంది. ఇస్త్రీతో ఆ అలలు ఒక పూటకు పోతాయి, కట్టిన గంటకు మళ్ళీ లేస్తాయి.

సంస్థానాల ఇళ్ళ నుంచి వచ్చిందని చెప్పే పాత షిఫాన్, జార్జెట్ చీరల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గత శతాబ్దం మొదటి దశాబ్దాల్లో యూరప్ మిల్లులు పట్టు బరువుగా, ఒద్దికగా వేలాడటానికి దాన్ని తగరం లాంటి లోహ లవణాల్లో నానబెట్టేవి. అలాంటి పట్టు కట్టినా కట్టకపోయినా దానంతట అదే విడిపోతుంది. పొడవునా సన్నటి గీతలుగా చీలడం దాని గుర్తు. దీనికి రఫ్ఫు లేదు, మందు లేదు. చూడముచ్చటగా ఉందని కొంటే అద్దాల చట్రంలో పెట్టుకోవడానికే కొనాలి.

దుకాణంలో చూసే వరస

పగలు వెళ్ళండి. బొటీకుల్లో పసుపు లైట్లు ఉంటాయి, వాటి కింద వెలిసిన ఎరుపు కూడా పండు మిరపలా కనిపిస్తుంది. చేతిలో టేపు, తెల్లటి నూలు రుమాలు, ఫోన్లో టార్చి ఉంటే చాలు. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఉంటే మరీ మంచిది.

అమ్మేవాళ్ళు కొంగు పరిచి చూపిస్తారు. అది సహజం, చీర అందమంతా అక్కడే ఉంటుంది. "అక్కా, లోచెంగు నుంచి విప్పుతారా" అని అడగండి. బొడ్లో దోపుకునే ఆ కొస ఎండ ఎరగదు, అందుకే చీర అసలు రంగు అక్కడ మిగిలి ఉంటుంది. ఆ రంగును కుచ్చిళ్ళు వచ్చే చోటి రంగుతో పక్కపక్కన పెట్టి చూస్తే చీర ఎంత ఎండ తిన్నదో అర్థమవుతుంది. రంగు బాగా తేడాగా ఉంటే పట్టు కూడా ఆ మేరకు నీరసపడి ఉంటుంది.

తర్వాత మధ్య మడత. చీరను ఒక పొరగా ఎత్తి పట్టి వెనక టార్చి పెట్టండి. బాగున్న బట్టలో వెలుగు సమానంగా వస్తుంది. నీరసపడిన మడత దగ్గర సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది, అక్కడక్కడ తెగిన పోగుల నూగు లేచి ఉంటుంది. గీత కనబడినంత మాత్రాన చీర పోయినట్టు కాదు. ఇస్త్రీ గీత కూడా అలాగే ఉంటుంది. తేడా తేల్చాలంటే దుకాణం వాళ్ళ అనుమతి అడిగి, లోచెంగు వైపు ఒకచోట మడతకు అటూ ఇటూ అంగుళం దూరంలో రెండు చేతుల వేళ్ళతో పట్టి, దిండు గలీబు సరిచేసేటంత మెల్లగా ఒక్కసారి లాగండి. బాగున్న పట్టు వేళ్ళకు ఎదురు నిలుస్తుంది. పోయిన పట్టు సన్నగా పిట్‌మని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వింటే ఆగిపోండి, రెండోసారి లాగకండి.

మూడోది భుజం మీద పడే చోటు. పిన్ను పెట్టిన చిల్లులు, వాటి చుట్టూ సాగిన పోగులు చూడండి. నాలుగోది కుచ్చిళ్ళ అడుగు అంచు, కింద నుంచి ఓ నాలుగైదు అంగుళాలు. పట్టీలు, మెట్టెలు, చెప్పుల బకిల్స్ తగిలి జరీ లేచిపోయేది అక్కడే. ఫాల్ కుట్టి ఉంటే లోపలివైపు చూడనివ్వరు. కొత్త ఫాల్ వేసి ఉంటే ఒక జానెడు విప్పి చూపించమనడం అతి కాదు. చిరిగిన అంచును ఫాల్ వెనక దాచడం చాలా తేలిక.

పాలిష్ సంగతి ఎక్కువమందికి తట్టదు. అమ్మకానికి పెట్టేముందు పాత చీరకు రోలింగు, పాలిష్ చేయిస్తారు. ఇందులో గంజి లాంటిదో జిగురు లాంటిదో పట్టించి వేడి రోలరు కింద నడుపుతారు. మెత్తబడిన చీర పెళపెళలాడుతూ కొత్తదానిలా తయారవుతుంది. ఆ బిగువు జిగురుది, పట్టుది కాదు. మామూలుగా పాత పట్టు చేతిలో మెత్తగా ఒదుగుతుంది. యాభై ఏళ్ళదని చెప్పిన చీర అట్టముక్కలా నిలబడితే లోచెంగు దగ్గర అరచేయంత మేర వేళ్ళ మధ్య మెల్లగా నలిపి, బిగువు తగ్గాక మళ్ళీ టార్చి పెట్టి చూడండి. కొన్నిటికి లోపలివైపు ఇస్త్రీతో అతికించే ఫ్యూజింగ్ కూడా వేస్తారు. తిరగేసి వెలుగుకు వాల్చి చూస్తే చిన్న చిన్న జిగురు చుక్కలు మెరుస్తాయి. అలా అతికించినదాన్ని చీరకు దెబ్బ తగలకుండా ఊడదీయడం కుదరదు, ఆ జిగురు కాలక్రమేణా పచ్చబడి పైకి కనిపిస్తుంది కూడా.

టేపు తీయడానికి మొహమాటపడకండి. పాత చీరల పన్నా 44, 45 అంగుళాలు ఉండటం మామూలే. ఇప్పుడు 46 నుంచి 48 అలవాటైంది. ఐదడుగుల ఆరంగుళాల మనిషి మడమ చెప్పులు వేసుకుని 44 పన్నా చీర కడితే పాదం పైకి తేలిపోతుంది. పొడవు ఐదున్నర మీటర్లకు బాగా తగ్గితే ఎక్కడో కత్తిరించారని అర్థం. సాధారణంగా చిరిగిన లోచెంగు తీసేసి ఉంటారు. ఐదు మీటర్ల కంటే తక్కువైతే కుచ్చిళ్ళు చాలవు. తొమ్మిది గజాల చీరయితే ఎనిమిది మీటర్ల పైన ఉంటుంది. దాన్ని ఆరు గజాలకు తగ్గిస్తే మిగిలిన ముక్క జాకెట్టుకు వస్తుంది. ఆ ముక్క కూడా ఇస్తున్నారా అని అడగండి.

రంగు దిగుతుందేమో చూడటానికి రుమాలు కొస తడిపి పిండి, లోచెంగు మూల మీద ఒక నిమిషం అదిమి పట్టండి. రుమాలుకు ఎరుపో ఊదానో అంటితే ఆ చీర మీద నీటి చుక్క పడటానికి వీల్లేదు. వానాకాలం పెళ్ళికి అది పనికిరాదు. ఇక వాసన. కలరా ఉండల వాసన గాలికి ఆరేస్తే కొన్నాళ్ళకు పోతుంది. బూజు వాసన, దానితోపాటు గోధుమరంగు అంచున్న చెమ్మ మచ్చలు ఉంటే అవి అంత తేలిగ్గా పోవు.

జరీ కూడా చూడండి, కంటితోనే

ఇంత చెప్పి జరీ చూడొద్దని అనను. మీటరు లేకపోయినా పాత జరీ తన సంగతి తానే చెబుతుంది, ఎందుకంటే అది ఇప్పటికే అరిగి ఉంది. అరిగిన చోట ఏ రంగు తేలిందో చూడాలి. పూత పోయి తెల్లగా తేలితే లోపల వెండి ఉందనుకోవచ్చు. నల్లబడితే అదీ చాలావరకు వెండే, గాలిలోని గంధకంతో కలిసి వెండి నల్లబడుతుంది. ఎర్రగా తేలితే, ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటే రాగి తీగ మీద పూత పూసిన టెస్టెడ్ జరీ. పొరలా ఊడి కింద తెల్లటి ప్లాస్టిక్ కనిపిస్తే అది పాలిస్టర్ రేకు. కొస దగ్గర ఊగుతున్న ఒక జరీ పోగును గోటితో గీకితే రేకు విడిపోయి లోపలి దారం బయటపడుతుంది. కంచి అసలు జరీలో అది ఎరుపు రంగు పట్టు దారం.

నల్లబడిన జరీకి భయపడి ధర తగ్గించమని అడిగేవాళ్ళున్నారు. నా లెక్కలో నలుపు మంచి గుర్తు. దాన్ని చింతపండుతోనో, నిమ్మరసంతోనో, పళ్ళపొడితోనో తోమడం మాత్రం తప్పు. నలుపుతోపాటు బంగారు పూతా పోతుంది, పులుపు పక్కనున్న పట్టునూ కొడుతుంది.

ఒంటి బట్ట పట్టేనా అన్న అనుమానం ఉంటే కొస నుంచి ఒక పోగు తీసి కాల్చి చూపించమనండి. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడి అయ్యే మసి మిగులుస్తుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. ఆర్ట్ సిల్క్, అంటే రేయాన్, కాగితం కాలిన వాసన వేస్తుంది. పాత రేయాన్ బ్రొకేడు కొన్నారంటే దాన్ని తడపకండి. తడిస్తే రేయాన్ బలం దాదాపు సగానికి పడిపోతుంది, దాని బరువుకు అదే చిరుగుతుంది.

"వందేళ్ళ చీర" అన్నప్పుడు

వయసు చెప్పడం తేలిక, నిలబెట్టడం కష్టం. చీర మీద తేదీ ఉండదు. చుట్టూ ఉన్నవి కొన్ని సాయం చేస్తాయి. అట్టపెట్టె మీద, పాత దుకాణం సంచీ మీద ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు తర్వాతిది. ధర చీటీ మీద అణాలు ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదని అనుకోవచ్చు. అసలు పట్టని చెప్పే సిల్క్ మార్క్ వచ్చింది 2004లో, చేనేత అని చెప్పే హ్యాండ్లూమ్ మార్క్ 2006లో. కాబట్టి పాత చీరకు ఆ గుర్తులు లేవని అనుమానించక్కర్లేదు, ఉంటేనే అనుమానించాలి. పెట్టె వయసు చీర వయసు కాదన్నది కూడా మరవొద్దు. పాత పెట్టెలు విడిగానూ దొరుకుతాయి.

చీర లోపలి సాక్ష్యం ఇంకా గట్టిది. పాలిస్టర్ పుట్టిందే 1941లో. పాలిస్టర్ రేకు జరీ ఉన్న చీరను 1930ల నాటిదంటే ఒప్పుకోనక్కర్లేదు. పోచంపల్లిలో పట్టు చీర మీద చిటికీ (ఇకత్) పని ఊపందుకుంది గత శతాబ్దం రెండో సగంలో. "నిజాం కాలం నాటి పోచంపల్లి పట్టు" అని ఎవరైనా అంటే, ఆ మాటకు ఆధారం ఏమిటని నెమ్మదిగా అడగండి.

వందేళ్ళ మాటకు ఇంకో చిక్కు ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ, కళా విలువ ఉన్న వస్తువు వందేళ్ళు దాటితే పురావస్తువు కిందికి వస్తుంది. దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి, మామూలు మనుషులు దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు. అమెరికా నుంచి సెలవుల్లో వచ్చి బొటీకుల్లో తిరిగే మనవాళ్ళకు ఒకే నోటితో రెండు మాటలు వినిపిస్తుంటాయి: "నూట ఇరవై ఏళ్ళ చీర", "డల్లాస్‌కి కొరియర్ మేమే పంపిస్తాం". రెండోది నిజమైతే మొదటిది నిజం కాకూడదు. మొదటిది నిజమైతే రెండోది చట్టవిరుద్ధం. పురావస్తువు కాదని పురావస్తు శాఖ ధ్రువపత్రం ఇస్తుంది, అనుమానం ఉన్నచోట అది అడగాలి. చీర యాభై ఏళ్ళదని నిజాయితీగా చెప్పి అమ్మితే ఈ గొడవ ఉండదు, చీర అందమూ తగ్గదు.

కత్తెర ఎప్పుడు, ఎందుకు

బొటీకులను తప్పుబట్టేముందు వాళ్ళ వైపు నుంచి చెప్పాల్సిన మాట ఒకటుంది. "పాత పట్టుచీరలు, జరీ చీరలు కొంటాం" అని వీధుల్లో తిరిగేవాళ్ళకు అమ్మిన చీర చాలావరకు మంటలోకి పోతుంది. పట్టు కాల్చి, మసి కరిగించి వెండి తీస్తారు. ఎనిమిది వందల గ్రాముల చీరలో మూడో వంతు జరీ, ఆ జరీలో సగం వెండి అనుకుంటే నూట ముప్పై గ్రాముల పైచిలుకు వెండి. ఆ పాటి వెండి కోసం ఒక నేతగాడు వారాల తరబడి మగ్గం మీద కూర్చుని నేసిన చీర బూడిదవుతుంది. దాన్ని ఆ దారి నుంచి తప్పించి, శుభ్రం చేయించి, ఇంకొకరు కట్టుకునేలా చేస్తున్న బొటీకు మంచి పనే చేస్తోంది. పది చీరలు కొంటే అన్నీ కట్టుకోదగ్గవి ఉండవు. ఆ నష్టం, అద్దె, రఫ్ఫు ఖర్చు అన్నీ ధరలోకి రావాల్సిందే. అందుకే ధర ఎక్కువన్న ఫిర్యాదుతో నేను పూర్తిగా ఏకీభవించను.

కానీ ఆ చీరకే లెహంగా కోసం కత్తెర వేయడం చూస్తుంటే మనసు ఒప్పదు. ఒళ్ళు గట్టిగా ఉన్న చీరను కత్తిరిస్తే మంటకు బదులు కత్తెర, అంతే తేడా. ఒళ్ళు పూర్తిగా పోయి అంచూ కొంగూ మిగిలిన చీర సంగతి వేరు. ఆ అంచు విప్పి కొత్త పట్టు మీద వేయించడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న పనే. హైదరాబాదు ముస్లిం పెళ్ళికూతుళ్ళు వేసుకునే ఖడా దుపట్టాల మీది మసాలా పని, అంటే గోటా, కిరన్ లాంటి మెరుపు అంచులు, అలాగే ఒక దుపట్టా నుంచి ఇంకో దుపట్టాకు మారుతూ వచ్చాయి. అంచు మార్చేటప్పుడు చూడాల్సింది కొత్త బట్ట బరువు. నిండు జరీ అంచును పల్చటి ఆర్గంజా మీద వేస్తే అంచు కిందికి లాగి బట్ట వంకర పోతుంది. కొంచెం బరువున్న రా సిల్క్ లేదా క్రేప్ తీసుకుని, కుట్టేముందు ఒకసారి తడిపి ఆరబెట్టాలి. లేదంటే తర్వాత కొత్త బట్ట ముడుచుకుని అంచు అలలు తేలుతుంది.

కట్టుకోదగ్గ చీరా, కత్తిరించదగ్గ చీరా అన్న ప్రశ్నకు కూడా జవాబు మడతలోనే ఉంది.

రఫ్ఫు, నెట్టు, బిల్లు

"చిన్న చిరుగే, రఫ్ఫు చేయిస్తాం" అన్న మాట సగం చోట్ల నిజం. పురుగు చిల్లుకు, మేకు తగిలి పడిన చిరుగుకు మంచి రఫూగరు చేసిన పని వెతికినా కనబడదు. మడత చీలికకు అదే పని నిలవదు. రఫ్ఫు పోగు పట్టుకుని నిలబడాల్సింది చుట్టూ ఉన్న పాత పోగులను. అవే పోయినప్పుడు కొత్త దారం గట్టిగా ఉండి, దాని పక్కనే ఇంకో చీలిక మొదలవుతుంది. నెలలోపు రెండో రఫ్ఫు, ఆ తర్వాత మూడోది. ఇలాంటి చీరకు వెనక మెత్తటి నెట్టు, అంటే వల లాంటి బట్ట, వేయించడం కాస్త మేలు. అయితే నెట్టు కుట్లు గట్టి బట్ట ఉన్నచోటే పడాలి, చీలిక అంచునే కుడితే సూది చిల్లుల వెంట చినిగి వస్తుంది. నెట్టు వేసిన చీర కూర్చునే పనికి సరిపోతుంది. పెళ్ళిలో నాలుగు గంటలు అటూ ఇటూ తిరిగే పనికి నేనైతే సిఫారసు చేయను.

బిల్లు మీద "వింటేజ్ శారీ, 1" అని రాసిచ్చే పద్ధతి మారాలి. వాడిన చీర అని, పొడవూ పన్నా, జరీ ఏ రకం, ఎక్కడ రఫ్ఫు ఉంది అని రాయించుకోండి. అబ్బే, ఎందుకండీ అంటారు. రేపు పేచీ వస్తే నోటిమాట నిలవదు, కాగితం నిలుస్తుంది.

కొన్న చీరను నేరుగా మిగతా పట్టు చీరల పక్కన పెట్టకండి. పురుగు గుడ్లు ఉండొచ్చు. ప్లాస్టిక్ కవర్లో గాలి తీసి మూసి, డీప్ ఫ్రీజరులో రెండు వారాలు పెట్టి, తీశాక కవరు విప్పకుండా ఒక రోజు గది వేడికి రానివ్వాలి. వెంటనే విప్పితే చీర మీదే నీరు చెమర్చుతుంది. ఆ తర్వాత ఉతికిన తెల్ల నూలు పంచె ముక్కలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చాలి. మార్చడమంటే పాత గీత మీదే మళ్ళీ మడవకుండా నాలుగంగుళాలు జరిపి మడవడం. మడత దగ్గర నూలు బట్టను చుట్టగా చేసి పెడితే గీత పదునుగా పడదు.

పదోసారి లాగితే?

నేను చెప్పినదానిలో నాకే ఒక అనుమానం ఉంది. ప్రతి కొనుగోలుదారూ వచ్చి మడత దగ్గర లాగి చూస్తే, తొమ్మిదిమంది లాగినప్పుడు నిలిచిన పట్టు పదోసారి తెగొచ్చు. దుకాణం వాళ్ళు "ముట్టుకోకండి" అంటే వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. చీర మేలు కోరి చెప్పిన పరీక్షే చీరను చంపితే ఎలా?

అందుకే ఈ పరీక్ష చేయాల్సింది దుకాణం వాళ్ళేనని, ఒక్కసారే చేయాలని నాకు అనిపిస్తోంది. చీర దుకాణంలోకి వచ్చిన రోజునే, పాలిష్‌కు పంపకముందే మడతలు చూసి, కనిపించినది ఒక కార్డు మీద రాసి చీరకు దారంతో కట్టాలి. అప్పుడు కొనేవాళ్ళు టార్చి వేసి చూస్తే చాలు, లాగక్కర్లేదు. అలాంటి కార్డు మీద నేను చదవాలనుకునేది ఇలా ఉంటుంది:

"కంచి పట్టు, వాడినది. పొడవు 5 మీటర్ల 40 సెంటీమీటర్లు, పన్నా 44 అంగుళాలు, జాకెట్టు ముక్క లేదు. వెండి జరీ, కొంగులో నల్లబడింది. మధ్య మడత నిలిచింది. ఒక అడ్డ మడతలో రెండు చోట్ల పడుగు తెగింది, లోచెంగు నుంచి 60 సెంటీమీటర్ల దగ్గర, లోపలి మొదటి చుట్టులో దాగుతుంది. పిట్ని దగ్గర రఫ్ఫు, ఒక అంగుళం. ఎరుపు రంగు దిగుతుంది, తడపకూడదు. కూర్చుని చేసే వేడుకకు కట్టవచ్చు."